ఇద్దరు నర్సమ్మల ఇల్లు

మా అత్తయ్యకి ఇద్దరు కోడళ్ళం. ఇద్దరమూ నర్సులమే, అదీ ఒకే ఆసుపత్రిలో. "ఇద్దరు నర్సమ్మలున్న ఇంటికి రోగం రావాలంటే గుండెధైర్యం ఉండాలి. నా షుగరుకి ఉంది," అనేది ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ. పెద్ద నర్సమ్మ మా తోటికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. చిన్న నర్సమ్మని నేను. పెళ్ళై పదకొండేళ్ళయినా, నాకూ ఆరేళ్ళ కూతురున్నా, ఆ ఇంట్లో నేను చిన్నదాన్నే. చిన్నదానికేం తెలుసు, చిన్నదానికి తర్వాత చూద్దాం, చిన్నది సర్దుకుంటుందిలే. నేను చేసిన పనికి ఇది సాకు కాదు. ఆ వానాకాలం మొదట్లో నా కడుపులో ఉన్నది ఇదే కాబట్టి చెబుతున్నాను.

మా ఇల్లు డ్యూటీల మీద నడిచేది. ఒకరు పగలు, ఒకరు రాత్రి. నెల తిరిగేసరికి తారుమారు. బావగారు లారీ మీద దూరాలు తిరుగుతూ నెలకి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఏడున్నర దాటగానే పాపను బడిలో దింపి అటునుంచి అటే వెళ్ళిపోతాడు. అక్కకీ నాకూ కలిపి ఒక్కటే స్కూటరు. పగటి డ్యూటీ మనిషి దాని మీద ఆసుపత్రికి వస్తుంది, రాత్రి డ్యూటీ మనిషి దాని మీదే ఇంటికి పోతుంది. కాబట్టి ఇంటిని ఒకరికొకరు అప్పజెప్పుకోవడం కూడా ఆసుపత్రి స్కూటర్ స్టాండులోనే జరిగేది.

"అత్తయ్య షుగరు నూట డెబ్బై. ఇన్సులిన్ ఇరవై నాలుగు వేశా. టిఫిను తిన్నారు. పాపకి దగ్గు, సిరప్పు బల్ల మీదుంది. గ్యాసు ఇవాళో రేపో అన్నట్టుంది."

"సరే. మీ వార్డుకి కొత్త డాక్టరొచ్చాడట, మూతి ముడుచుకునే ఉంటాడట. పట్టించుకోకు."

తాళం చేతులు మారేది. ఆవిడ ఇంటికి, నేను లోపలికి. స్టాండు కాపలా తాత "మీ ఇల్లు ఈ ఆసుపత్రికి బ్రాంచా అమ్మా?" అని రోజూ అదే జోకు వేసేవాడు, మేమూ రోజూ నవ్వేవాళ్ళం.

ఇదంతా రాసి పెట్టుకోవచ్చు కదా అంటారేమో, అదీ అయింది. ఒకసారి ఫ్రిజ్‌కి నోటుబుక్కు వేలాడగట్టి వేళా డోసూ రాయడం మొదలుపెట్టాం. మూడో రోజుకల్లా అత్తయ్య దాన్ని పీకి, బొమ్మలేసుకోమని పాప చేతిలో పెట్టేసింది. "నేను మనిషినర్రా. పడక నెంబరు పన్నెండుని కాదు," అంది. పైగా ఆవిడకు సూది అంటే చిరాకు. ఎవరు సిరంజి బయటికి తీసినా "వేసేసిందమ్మా, ఇందాకే వేసేసింది" అని ఇంకో కోడలి మీద పెట్టి బొంకేది. మొహంలో ఇసుమంత తేడా ఉండేది కాదు. మేం నవ్వుకుంటూ పొట్ట మీద బట్ట తప్పించి పొడిచేసేవాళ్ళం. అందుకని స్టాండులో చెప్పుకునే నోటిమాటే మాకు చార్టు.

వానలు మొదలైన వారానికి ఆసుపత్రి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. వచ్చే ఏడాది నుంచి వార్డు ఇన్‌ఛార్జి కావాలంటే డిగ్రీ ఉండాలి. డిప్లొమా వాళ్ళు ఎంత సర్వీసున్నా ఉన్నచోటే. మేమిద్దరమూ డిప్లొమాలమే. దారులు రెండు చూపించారు. ఒకటి, కాలేజీలో రెండేళ్ళ నర్సింగు డిగ్రీ. రోజూ క్లాసులు, ఆసుపత్రి సెలవిచ్చి పంపుతుంది, కానీ ఏడాదికి ఒక్కరినే. నలభై అయిదేళ్ళు దాటితే తీసుకోరు. రెండోది, ఆదివారాలు చదువుకునే మూడేళ్ళ ఆసుపత్రి నిర్వహణ డిగ్రీ. దానికి వయసు అడ్డం లేదు, ఎంతమందైనా చేరొచ్చు. అది చదివితే ఆఫీసులో రికార్డులు, డ్యూటీ పట్టికలు, సామాను లెక్కలు. పేషెంటు మొహం చూడక్కర్లేదు. "ఫైళ్ళు మోసే చదువు" అని మా వాళ్ళంతా ఎగతాళి చేశారు.

అక్కకి ఆ చలికాలం వస్తే నలభై అయిదు నిండుతాయి. అంటే కాలేజీకి ఆవిడకి అదే ఆఖరి ఏడు. నాకు ముప్ఫై నాలుగు.

ఈ లెక్క చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. నాకూ అయింది. అర్థమవడం వేరు, మింగుడుపడడం వేరు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి అక్క నిద్రలేచి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నావైపు చూడకుండానే అంది, "నీకింకా పదేళ్ళు టైముంది. ఈసారికి నన్ను వెళ్ళనీ."

"వచ్చే ఏడు కూడా పంపుతారని ఎవరు చెప్పారు? మా ఇన్‌ఛార్జి సిస్టరు రెండేళ్ళలో రిటైరవుతోంది. ఇప్పుడు వెళ్తేనే ఆ కుర్చీ నాకు వేళకి అందుతుంది."

"కుర్చీ కోసమా నీ చదువు?"

"నీకెందుకోసమో?"

కత్తి ఆగింది. "నాకు చదువు కోసమే. పద్దెనిమిదేళ్ళప్పుడు డిప్లొమాలో చేర్చారు. అది చేతికొచ్చాక మళ్ళీ పుస్తకం ముట్టుకోనిచ్చారా నన్నెవరైనా? ఎవరికి బాగోకపోయినా పెద్దదుందిగా, పెద్దది చూస్తుందిగా."

ఆ మాట నిజం. నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. "ఆదివారం కోర్సుందిగా అక్కా. నీకదైతే హాయి. వయసు అడ్డం రాదు."

వయసు అన్న మాట నోటినుంచి వచ్చాక గానీ అది ఎంత పదునుగా ఉందో నాకు తెలియలేదు. అక్క చేతులు కడుక్కుని నాముందు చాపింది. "వీటిని ఫైళ్ళలో పెట్టమంటావా?"

ఆ చేతుల సంగతి ఆసుపత్రి మొత్తానికి తెలుసు. ఎంత చిన్న పిల్లయినా, ఎంత ఎండిపోయిన ముసలివాళ్ళయినా, నరం దొరకకపోతే ఏ వార్డు నుంచైనా ఆవిడకే కబురొచ్చేది. వచ్చి, బొటనవేలితో రెండుసార్లు నిమిరి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పొడిచేది. రెండోసారి పొడవడం నేను చూడలేదు.

ముందుగదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. "అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరర్రా? గోల చాలు. ఆదివారం పెద్దాడు వస్తాడు. వాడి ముందు నేను చెప్తా ఎవరెళ్ళాలో. ఇద్దరూ నా మాట వినాలి, సరేనా?"

సరేనన్నాం. అది సోమవారం. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటలు తగ్గాయి. స్టాండులో "వేశా, తిన్నారు" వరకే మిగిలింది. తాళం చేతికివ్వకుండా సీటు మీద పెట్టడం నేనే మొదలుపెట్టాను.

అత్తయ్య నోట అక్క పేరే వస్తుందని నాకు తెలుసు. అదే న్యాయమనీ తెలుసు. అందుకే ఆదివారం దాకా ఆగలేకపోయాను. గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగుతూనే మేట్రన్ మేడమ్ గదికి వెళ్ళి కాలేజీ ఫారం నింపి ఇచ్చేశాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "మీ అక్క ఇవ్వదా?"

"ఆవిడ ఇష్టం మేడమ్," అన్నాను.

నా చెవులకే ఆ మాట ఎబ్బెట్టుగా వినబడింది. మేడమ్ ఫారం మీద ముద్ర వేసింది. ఇంటికెళ్ళి పాప హోంవర్కు చూశాను, అన్నం వండాను, అక్క రాత్రి డ్యూటీకి బయల్దేరుతుంటే గొడుగు కూడా అందించాను. ఆ మాటొక్కటీ చెప్పలేదు. ఆదివారం ఎలాగూ తెలుస్తుంది కదా అనుకున్నాను.

శుక్రవారం ఉదయం అక్క మొహం చూడాలంటే నాకు మొహం చెల్లలేదు. ఆరున్నరకే అత్తయ్యకి ఇన్సులిన్ వేశాను. "వేసేసిందమ్మా" అంది ఆవిడ అలవాటుగా. "రాత్రంతా ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎప్పుడేసిందండీ?" అన్నాను. నవ్వింది. టిఫిను సగం తిని "మిగతాది మెల్లిగా తింటాలే, నువ్వెళ్ళు" అంది. మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. రోజూ కంటే అరగంట ముందే బయల్దేరాను. స్టాండులో తాత చేతికి తాళం ఇచ్చి, "అక్కకి ఇచ్చెయ్ తాతా, నాకు పనుంది" అన్నాను.

"ఏం తల్లీ, ఇవాళ బ్రాంచి మూసేశారా?" అన్నాడు.

నాకు పనేమీ లేదు. వార్డులో బట్టలు మార్చుకునే గదిలో అరగంట కూర్చున్నాను.

ఒంటిగంటన్నరకి క్యాజువాలిటీ నుంచి ఫోను వచ్చింది. నేను దిగి వెళ్ళేసరికి అత్తయ్య మూడో మంచం మీద ఉంది. చెమటకి బట్టలు తడిసి ముద్దయ్యాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ చూపు లేదు. పక్కన అక్క ఇంట్లో కట్టుకున్న బట్టల్లోనే, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడి ఉంది. చేతికి సెలైన్ అప్పటికే ఎక్కుతోంది. ఎవరు పెట్టారని అడగక్కర్లేదు, ఒక్కటే సూదిపోటుంది.

క్యాజువాలిటీ డాక్టరు మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి. రాసుకుంటూ అడిగాడు. "షుగరు ఇరవై రెండు. ఎంతసేపటి నుంచి ఇలా ఉన్నారు?"

"తెలీదు. నేను నిద్రపోయా. ఒంటిగంటకి లేచి చూశా," అంది అక్క.

"ఇన్సులిన్ ఎవరు వేశారు?"

"నేనే," అన్నాం ఇద్దరం.

డాక్టరు పెన్ను ఆపాడు. ముందు అక్కని, తర్వాత నన్ను చూశాడు. "ఎన్నింటికి?"

"ఆరున్నర," అన్నాను.

"ఎనిమిదిన్నర," అంది అక్క.

ఆయన రెండూ రాసుకున్నాడు, ఒకదాని కింద ఒకటి. గ్లూకోజు ఇంకో బాటిలు పెట్టమన్నాడు. నేను పెట్టాను. చుక్కలు లెక్కపెట్టాను. నా చేతులు వణకలేదు, అదే నాకు గుర్తుంది.

సాయంత్రం వరండాలో అక్క గోడ వైపు చూస్తూ చెప్పింది. "మీటరు పెట్టి చూశా. రెండొందల పది ఉంది. వేసేసిందన్నారు. ఎప్పుడూ అనేదేగా అనుకున్నా." తిన్న రెండు గంటల లోపు చూస్తే షుగరు అంతే ఉంటుంది, ముందు వేసిన ఇన్సులిన్ పూర్తిగా పని మొదలుపెట్టి ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలుసు, కొత్తగా చేరిన పిల్లలకి మేమే నేర్పేవాళ్ళం. "ఊ," అన్నాను.

ఆ సాయంత్రం నుంచి నాకు ఏమీ అనిపించడం మానేసింది. పన్ను పీకేముందు మత్తిస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, వేలుపెట్టి నొక్కితే ఉందని తెలుస్తుంది, అంతే. నేనూ అలా ఉన్నాను. ఏడుస్తానేమోనని చూశాను. రాలేదు. బాధపడుతున్నట్టు కనిపించాలని మొహం సర్దుకున్నాను, సిగ్గులేకుండా.

అత్తయ్య మూడో రోజుకి కళ్ళు పూర్తిగా తెరిచింది. అది ఆదివారం. అందరం మంచం చుట్టూ చేరాం. ఆవిడ మమ్మల్ని వరసగా చూసింది, కిటికీని చూసినట్టే చూసింది. మాట లేదు. మనుషులు తెలియడం లేదు. నోటికి చెంచా అందిస్తే మింగుతుంది. ఎంతవరకు కోలుకుంటుందని అడిగితే, పెద్ద డాక్టరు "మెదడుకి చక్కెర అందకుండా చాలా గంటలు గడిచాయమ్మా" అని మాత్రం అన్నాడు. నర్సులకి అంతకంటే వివరం చెప్పక్కర్లేదు.

లారీ దిగి నేరుగా వచ్చిన బావగారు తల్లి అరచెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నన్ను అడిగారు. "ఆదివారం రా, ఒక మాట చెప్పాలి అంది ఫోనులో. ఏంటది?"

"ఏమో బావగారూ," అన్నాను.

అక్క మంచం దుప్పటి మడత సరిచేసింది.

పన్నెండో రోజు ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన ఏ కాగితం చేతికొచ్చినా చివరి చుక్క దాకా చదువుతాడు, వృత్తి అలాంటిది. ముందుగదిలో కూర్చుని డిశ్చార్జి కాగితం చదువుతున్నాడు. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. ఒకచోట వేలు ఆపాడు.

"ఇన్సులిన్ ఆరున్నర అని ఒకటుంది. కిందే ఎనిమిదిన్నర అని ఇంకోటుంది. ఇందులో ఒకటి తప్పు పడిందా?"

"లేదు."

"రెండూ ఉన్నట్టేనా?"

"ఊ."

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. టీ తాగలేదు. తిడతాడేమో, అడుగుతాడేమో అని నేను అక్కడే నిలబడ్డాను. లేచి పాప బూట్లు తుడవడానికి వెళ్ళాడు. అరిచి ఉంటే ఎంతో బాగుండేది. మనిషి అరిస్తే మనం ఏదో ఒకటి అనొచ్చు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మేమిద్దరం అప్పుడు అన్నీ రాయడం మొదలుపెట్టాం. గోడ మీద పెద్ద కాగితం, గీతలు, వేళలు, సంతకాలు. తినిపించింది, ఒళ్ళు తుడిచింది, పక్క మీద తిప్పింది. పీకి పారేసే మనిషి ఇప్పుడు లేదు. వారం తర్వాత ఒక ఉదయం ఆరున్నరకి ఫ్రిజ్ తెరిస్తే ఇన్సులిన్ సీసా కనబడలేదు. అత్తయ్య గదిలోకి వెళ్ళాను. మా ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి. పాపకి టీకా వేయించిన రోజు గది బయట బెంచీ మీద పడుకోబెట్టాల్సి వచ్చింది ఆయన్ని. నుదుటి మీద చెమట. సిరంజి వెలుగుకి ఎత్తి గీత చూసుకుని, తల్లి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లిగా వేశాడు. బాగానే వేశాడు.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"మందుల షాపతను. వారం రోజులుగా పనైపోయాక వెళ్తున్నా."

"ఇంట్లో మేమిద్దరం ఉండగా..."

"మీరిద్దరూ ఉండగానేగా," అన్నాడు.

కోపంగా అనలేదు. దూది నొక్కిపట్టి, గోడ మీద కాగితంలో వేళ రాసి సంతకం పెట్టాడు. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది, ఆ రాత్రి ఆవిడకి డ్యూటీ లేదు. విన్నదో లేదో అడగలేదు. లోపలికి రాకుండా వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పింది. గిన్నెలేమీ లేవు తోమడానికి, నీళ్ళు మాత్రం చాలాసేపు పోతూనే ఉన్నాయి.

వానలు తగ్గుముఖం పట్టాక మేట్రన్ మేడమ్ కబురు పెట్టింది. కాలేజీ సీటు నా పేరు మీద వచ్చింది. శుక్రవారం లోపు ఒప్పుకోలు సంతకం పెట్టాలి. "పేరు మార్చాలన్నా ఆ లోపే. తర్వాత నా చేతుల్లో ఉండదు," అంది. ఎందుకలా అందో నాకు తెలుసు. ఆవిడా అక్క వయసు లెక్కపెట్టింది.

నేను తేల్చుకున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ సీటు తలుచుకున్నా నాకేమీ అనిపించడం లేదు, అలాంటప్పుడు ఇచ్చేయడంలో త్యాగమెక్కడిది. "శుక్రవారం పదింటికి మేట్రన్ గదికి రా అక్కా, ఒక సంతకం ఉంది," అన్నాను. సరేనంది.

గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. లోపల ఎవరో ఉన్నారు. నా చేతిలో ఒప్పుకోలు కాగితం, పేరు చోట ఖాళీ ఉంచిన ఇంకో కాగితం. అక్క ఒళ్ళోనూ ఒక ఫారం ఉంది, నింపేసి ఉంది. ఆదివారం కోర్సు.

"ఇదేంటి?" అన్నాను. "ఇది నీకు వద్దన్నావుగా."

"ఇప్పుడు కావాలి."

"అక్కా, నీకు చలికాలం దాటితే..."

"తెలుసు. లెక్కలొచ్చు నాకు." అరచేతులు ఫారం మీద బోర్లించి పెట్టుకుంది. "నెలన్నర నుంచి నా వార్డులో సూదులన్నీ చిన్నపిల్లల చేతే వేయిస్తున్నా. నరం దొరకలేదని పిలిస్తే ఒంట్లో బాగోలేదంటున్నా. సిరంజి పట్టుకుంటే చెయ్యి ముందుకెళ్ళట్లేదు. రేపు కాలేజీలో రెండేళ్ళు మళ్ళీ వార్డులు తిప్పుతారు. నావల్ల కాదు. ఫైళ్ళే నయం, వాటికి నొప్పుండదు."

నాకు చెప్పాల్సింది ఒకటుంది కాబట్టి చెప్పేశాను. "నేను ఆదివారం దాకా ఆగలేదు. గురువారమే ఫారం ఇచ్చేశా. నీ మొహం చూడలేక తాళం తాతకిచ్చి వెళ్ళా. చూసుంటే ఒక్క మాట చెప్పేదాన్ని. వేశా అని."

అక్క తల తిప్పలేదు. "గురువారం ఇచ్చావని నాకు తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"అదే రాత్రి. డ్యూటీకి రాగానే ఆఫీసు గుమాస్తా చెప్పాడు, మీ చిన్నమ్మగారు ముందే కొట్టేశారుగా అని." ఫారం అంచు సరిచేసుకుంది. "పొద్దున్న అత్తయ్య వేసేసిందమ్మా అంటే నాకూ అనుమానం వచ్చింది. రోజూలా అనలేదు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నారు. ప్లేట్లో సగం తిన్న టిఫినుంది. ఫోను తీశా. నీ పేరు కనబడింది. దీంతో నాకేం మాటలు అనుకుని పక్కన పడేశా."

వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళారు. ఇద్దరం కాళ్ళు వెనక్కి తీసుకున్నాం.

"అంతేనా?" అన్నాను.

"అంతే."

తలుపు తెరుచుకుంది. "ఎవరు ముందు?" అని మేట్రన్ మేడమ్ లోపల్నుంచి అడిగింది. అక్క లేచి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో ఖాళీ చేతులతో బయటికొచ్చింది. "వెళ్ళు," అంది.

వెళ్ళాను. మేడమ్ అక్క ఫారాన్నే చూస్తూ ఉంది. "ఆ చెయ్యి మళ్ళీ ఈ ఆసుపత్రికి దొరుకుతుందా? తీసుకెళ్ళి రికార్డుల గదిలో పెడతానంటోంది. నువ్వైనా చెప్పలేకపోయావా?"

"చెప్పాను మేడమ్. వినలేదు," అన్నాను.

నేను చెప్పలేదు. వద్దక్కా, చెయ్యి మళ్ళీ వస్తుంది, సీటు నీదే తీసుకో, నేను పక్కనుంటాను, అనాలి. ఆ మాటలు అనడానికే ఆవిడను అక్కడికి పిలిచాను. బల్ల మీద కూర్చున్నంతసేపూ టైముంది. అననేలేదు.

"సరే, నీ సంతకం," అని మేడమ్ కాగితం నావైపు జరిపింది. పేరు మార్పు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పెన్ను తీసుకుని ఒప్పుకోలు మీద నా పేరు రాశాను. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. రాస్తుంటే అక్షరాలు సగంలో ఉండగా, ఇన్నాళ్ళకి మొదటిసారి నా లోపల ఏదో కదిలింది. ఏడుపేమో అనుకుని పెన్ను ఆపాను. ఏడుపు కాదు. సంతోషం.